పొట్ట లేని పురి

మొన్న మా ఊరి బడిలో లెక్కల పండగ జరిపి, ఊరి పెద్దగా నన్ను పిలిచారు. పెద్దవాడినని పిలిచారో, బడి కట్టిన స్థలం మా ముత్తాతగారు ఇచ్చిందని ఎవరైనా గుర్తు చేస్తే పిలిచారో నేను అడగలేదు. ఆ సంగతి చెక్కిన రాయి గుమ్మం పక్కన ఇప్పటికీ ఉంది. సున్నం మీద సున్నం పడి అక్షరాలు పూడుకుపోయాయి. రాజమండ్రిలో బస్సెక్కి, ఊరి అడ్డరోడ్డు దగ్గర దిగి, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళాను. పంచె ఇస్త్రీ నలగకుండా ఆటోలో నిటారుగా కూర్చోవడం నాకు అలవాటే.

ఏడో తరగతి గదిలో బల్లల మీద అట్టలతో, థర్మోకోల్‌తో చేసిన ఆకారాలు పెట్టారు. గది నిండా జిగురు వాసన. ఒక అమ్మాయి తెల్ల అట్టను చుట్టి, పైనా కిందా గుండ్రటి మూతలు అతికించి, తన నడుమెత్తు స్థూపం ఒకటి చేసింది. నన్ను చూడగానే చేతులు కట్టుకుని ఒప్పజెప్పడం మొదలుపెట్టింది.

"ఇది స్థూపం అండి. దీనికి రెండు చదును ముఖాలు, ఒక వక్రతలం ఉంటాయండి. కింద కొలిచినా, మధ్యలో కొలిచినా, పైన కొలిచినా చుట్టుకొలత ఒకటేనండి."

నా చేయి బల్ల అంచు మీద బిగుసుకుంది. హెడ్‌మాస్టరు గారు చూసి, "ఎండన పడి వచ్చారు కదండీ, కూర్చోండి," అంటూ కుర్చీ తెప్పించారు. ఎండ కాదు. ఆ మాటలు నేను అదే బడిలో చదువుకునే రోజుల్లో, మా ఇంటి పెరట్లో, ఒక కొత్త మాస్టారి నోట విన్నాను. విన్న క్షణంలో నా ఒళ్ళు చల్లబడిన సంగతి ఇన్నేళ్ళయినా చర్మానికి గుర్తుంది.

పురి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. కోతలై, నూర్పిడి అయ్యాక ధాన్యం దాచుకోవడానికి పెరట్లో కట్టేవారు. వరిగడ్డిని మనిషి చేయంత లావున మోకులా పేని, గుండ్రంగా చుట్టుకుంటూ పోతారు. ఒక చుట్టు చుట్టడం, లోపల ధాన్యం పోయడం, మళ్ళీ చుట్టడం. ఇంటి చూరు దాటేదాకా అలా లేపి, పైన గడ్డితో గొడుగులా కప్పుతారు. కొత్త గడ్డి వాసన, లోపలి ధాన్యం వెచ్చటి వాసన కలిసి పెరడంతా నిండేవి. పిల్లలం పురి లోంచి గడ్డిపోచలు లాగి ఈలలు చేసుకునేవాళ్ళం. పెద్దవాళ్ళు చూస్తే వీపు విమానం మోత మోగేది. ఏ ఇంటి పెరట్లో ఎంత పురి ఉందో చూసి ఆ ఇంటి వాళ్ళని "రండి" అనాలో "రా" అనాలో ఊరు తేల్చుకునేది.

మా తాతగారి రోజుల్లో మా పెరట్లో పురులు వరసగా ఉండేవట. నాకు తెలిసేనాటికి ఒక్కటే మిగిలింది. పొలాలు ఒక్కొక్కటే చేతులు మారాయి. నాన్నగారు నిడదవోలులో ఒక కొట్లో గుమస్తాగా ఉండేవారు. ఊళ్ళో మాత్రం "వ్యవహారాల మీద ఉన్నారు" అని చెప్పేవాళ్ళం. ఇల్లంతా మా మామ్మ చేతిమీద నడిచేది. మామ్మ అంటే నాన్నగారి తల్లి. పొడుగు మనిషి, గోడకు చేరగిలబడి కూర్చోగా ఎవరూ చూడలేదు. తగవులు వస్తే ఊళ్ళో వాళ్ళు ఇంకా మా అరుగు మీదికే వచ్చేవారు. లోపలి నుంచి మామ్మ చెప్పిన మాటే తీర్పు.

ఆ ఏడు పురి కట్టడానికి ధాన్యం లేదు. ఉన్న కాస్తా తిండికి గదిలో కుండలకెత్తారు. పురి లేకపోతే మిగిలిన మర్యాద కూడా పోతుందని మామ్మకు తెలుసు. గోదావరి అవతలి ఒక మిల్లు నుంచి బస్తాలు తెప్పించింది. వాటిలో ఉన్నది ఊక. దింపడానికి వచ్చిన వాళ్ళు కూడా అవతలి ఒడ్డు వాళ్ళే. ఊక బస్తా ఒక్క మనిషి భుజాన వేసుకుని పరిగెత్తవచ్చు. మామ్మ వాళ్ళ చేత బస్తాకి ఇద్దరిని పట్టించింది. "ఆయాసపడుతూ మొయ్యండి," అని మెల్లిగా చెప్పడం నేను విన్నాను. వీధిలో నిలబడి చూసిన వాళ్ళకి అది ధాన్యమే.

పురి లేచింది. కాని పిచ్చుకలు రాలేదు. ధాన్యం పురి చుట్టూ పొద్దస్తమానం పిచ్చుకలు ముసురుతాయి. రెండో రోజే మామ్మ ఆ లోటు గమనించింది. అప్పటి నుంచి రోజూ తెల్లవారగానే నా దోసిట్లో ధాన్యం పోసేది, తిండికి దాచిన దాంట్లోంచి. "పురి మొదట్లో చల్లు. గోడ మీంచి ఎవరూ చూడకుండా," అనేది. నేను చల్లేవాణ్ణి. పిచ్చుకలు వచ్చేవి. నేను బడికి పోతూ వెనక్కి తిరిగి, ఎగురుతున్నాయా లేదా అని చూసుకునేవాణ్ణి.

అప్పుడే మాకు కొత్త లెక్కల మాస్టారు వచ్చారు. కాకినాడ మనిషి. పొలం గట్టు మీద నడవడం కూడా కొత్తే. చాలా మంచివారు, అదే వచ్చిన చిక్కు. ఆకారాల పాఠాన్ని నల్లబల్ల మీద గీసి సరిపెట్టుకునే మనిషి కాదు.

"బల్ల మీద గీసింది బొమ్మర్రా. వస్తువు కాదు. చేత్తో పట్టుకోవాలి, చుట్టూ తిరిగి చూడాలి," అనేవారు.

కాలవ గట్టు నుంచి బంకమట్టి తెప్పించి మా చేత సమఘనాలు, శంకువులు చేయించారు. ఇళ్ళ నుంచి వస్తువులు తెమ్మన్నారు. అగ్గిపెట్టెలు, బొంగరాలు, నిమ్మకాయలు, అరటి దూట ముక్కలు వచ్చాయి. ఒకడు వాళ్ళమ్మ చేసిన సున్నుండ తెచ్చి, గోళం అని చూపించి, మాస్టారు అటు తిరగగానే నోట్లో వేసుకున్నాడు. "గోళం ఏదిరా?" అంటే "లోపలికి దొర్లిపోయిందండి," అన్నాడు. మాస్టారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

మా ఊరి బియ్యం మిల్లు వాళ్ళబ్బాయి మా తరగతే. వాడు తెచ్చింది ఇనప గొట్టం. మిల్లుకు వచ్చిన బస్తాల్లోకి పొడిచి, లోపలి గింజలు పైకి లాగి చూసుకునే గొట్టం. ఒళ్ళంతా స్థూపం, మొన శంకువు.

"భేష్! ఒక్క వస్తువులో రెండు ఆకారాలు," అన్నారు మాస్టారు. వాడు నా వైపు, తర్వాత కిటికీ వైపు చూసి నవ్వాడు.

వాడి చూపు వెంటే మాస్టారి చూపు కూడా కిటికీ వైపు పోయింది. ఆ కిటికీ లోంచి మా పురి కనపడుతుంది.

"అరె, అంతకంటే పెద్దది ఎదురుగానే ఉందే! కింద స్థూపం, పైన శంకువు. ఎవరింటిదిరా అది?"

నేను లేచి నిలబడ్డాను. "మాదండి."

"రేపు మొదటి పీరియడ్ అక్కడే. ఇంట్లో అడిగి చెప్పు. పురికొస తెస్తాను, కొలుద్దాం."

అడగను అనడానికి లేదు. మా ఇంటికి వస్తామన్న వాళ్ళని వద్దనడం మాకు చేతకాదు. "ఆయ్," అన్నాను.

ఆ సాయంత్రం కాలవ వంతెన మీద మిల్లు వాళ్ళబ్బాయి నన్ను ఆపాడు.

"ఏరా, మీ పురికి పొట్ట ఏదిరా?"

"పొట్టేంటి?"

"ధాన్యం బరువుకి గడ్డి సాగి పురి కిందంతా ఉబ్బుతుంది కదా. మా ఇంటిది చూడు, చూడి గేదెలా ఉంటుంది. మీది సోడా గ్లాసులా నిలబడింది. ఊకైతేనే అలా ఉంటుందంట. మా నాన్న అన్నాడు."

"మీ నాన్న మా పెరట్లోకి ఎప్పుడు వచ్చాడు?"

"రానక్కర్లేదు. రోడ్డు మీంచే కనిపిస్తుంది. రేపు గొట్టం తెస్తాలే. గుచ్చితే తేలిపోద్ది."

వాణ్ణి కాలవలోకి తోసేయాలనిపించింది. మా వాళ్ళు వీధిలో చేయి చేసుకోరు అని నాకు నేర్పారు. పుస్తకాలు చంకలో బిగించుకుని నడిచాను. ఇంటికి వెళ్ళి పురి ఎదుట నిలబడ్డాను. అన్నాళ్ళూ నాకు అందంగా కనపడిన నిటారుతనం ఆ సాయంత్రం మొదటిసారి భయపెట్టింది. చుట్లు కిందా పైనా ఒక్కలా ఉన్నాయి. కొలిస్తే చాలు. గుచ్చనక్కర్లేదు. మా తరగతిలో సగం మంది రైతుల పిల్లలు. మాస్టారికి తప్ప అందరికీ అర్థమవుతుంది.

మామ్మ చేటలో బియ్యం ఏరుతోంది. అంతా చెప్పాను. మాస్టారు, పురికొస, పొట్ట, గొట్టం. ఆమె వేళ్ళు ఆగలేదు.

"ఎంతమంది వస్తారు?"

"తరగతంతానండి."

"మినప్పప్పు ఉందేమో చూడు డబ్బాలో."

"మామ్మా, జ్వరం వచ్చిందని చెప్పనా? పోనీ గేదె పొడుస్తుందని..."

ఆమె తలెత్తింది. "ఎవరి కోసంరా అబద్ధం? ఇంటికి వచ్చేది చదువు. రావద్దంటామా?"

ఆ రాత్రికి మినప్పప్పు వేయించిన వాసన ఇల్లంతా పరుచుకుంది. మామూలుగా ఆ వాసనకి నాకు నోరూరేది. ఆ రోజు వంటింటి గుమ్మం దాకా కూడా వెళ్ళలేదు. డబ్బా అడుగున ఉన్న నెయ్యంతా గరిటెతో గీకిన చప్పుడు వినిపించింది. అదే ఆఖరి నెయ్యి అని నాకు తెలుసు.

పొద్దున్నే నా దోసిట్లో మామూలు కంటే ఎక్కువ ధాన్యం పోసింది. చల్లాను. ఆ రోజు పిచ్చుకలు ఎంతకీ దిగలేదు. తరగతి గేటు లోపలికి వచ్చేసరికి అవి గోడ మీదే కూర్చున్నాయి.

మాస్టారు ముందు మామ్మకు నమస్కారం పెట్టారు. "అమ్మగారూ, పిల్లల్ని తెచ్చి ఇబ్బంది పెడుతున్నాను."

"ఇబ్బందేమీ లేదు మేస్టారు గారూ. కానివ్వండి," అంది మామ్మ, వెనక వరండాలో స్తంభం పక్కన నిలబడి. ఆనుకోకుండా.

మిల్లు వాళ్ళబ్బాయి గొట్టం భుజాన పెట్టుకుని ముందు వరసలో నిలబడ్డాడు. మాస్టారు పురి మీద అరచేయి వేసి పాఠం మొదలుపెట్టారు. "ఇది వక్రతలం. ఇక్కడ అంచు లేదు, మూల లేదు. మరి స్థూపానికి చదును ముఖాలు ఎన్ని?"

"రెండండి," అన్నాడు మిల్లు వాళ్ళబ్బాయి. "పైనొకటి అందరికీ కనపడేదండి. కిందొకటి ఎవరికీ కనపడనిదండి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారికి అందులో నవ్వేమిటో తెలియలేదు. పురికొస తీసి ఒక కొస నా చేతికే ఇచ్చారు. "మీ ఇంటి పురి కదా, నువ్వే పట్టు." ఇంకో అబ్బాయి రెండో కొస పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చాడు. కొసలు కలిసిన చోట మాస్టారు పురికొసను సరిగ్గా కత్తిరించారు. ఆ ముక్కనే మధ్యకి ఎత్తి చుట్టించారు. కొసలు మళ్ళీ కలవకూడదని నేను లోలోపల మొక్కుకున్నాను. పురికొసను ఎవరికీ తెలియకుండా గట్టిగా లాగి పట్టుకున్నాను, కొద్దిగానైనా తేడా చూపిస్తుందేమోనని. లాభం లేదు. కొసలు వచ్చి ఒకదాన్నొకటి ముట్టుకున్నాయి. నిచ్చెన వేసి పైన చుట్టారు. అక్కడా కలిశాయి.

మాస్టారి ముఖం వెలిగిపోయింది. చప్పట్లు కొట్టారు.

"చూశారా! కింద కొలిచినా, మధ్యలో కొలిచినా, పైన కొలిచినా ఒకటే. ఇంత నిఖార్సయిన స్థూపం ఈ ఊళ్ళో ఇంకోటి లేదు!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ నవ్వలేదు కూడా. నవ్వితే బాగుండేది. రైతుల పిల్లలంతా కాలి బొటనవేళ్ళ వంక చూస్తున్నారు. మాకు మిగిలిన కాస్త పొలం కౌలుకు చేసే ఆయన కూతురు నా వైపు ఒకసారి చూసి తల తిప్పేసుకుంది. మాస్టారు ఒకరి తర్వాత ఒకరి ముఖాలు చూశారు.

"ఏంటర్రా, ఏమైంది?"

"మేస్టారండీ," అన్నాడు మిల్లు వాళ్ళబ్బాయి, "మా ఇంటి పురి ఇలా ఉండదండి. కింద పొట్టొస్తుందండి. ఎవరింటిదైనా అంతేనండి."

"మరి దీనికెందుకు రాలేదు?"

"లోపల చూస్తే తెలుస్తుందండి." భుజం మీది గొట్టం దించాడు.

నేను వాడికీ పురికీ మధ్య నిలబడ్డాను. నిలబడి ఏం చేస్తానో నాకే తెలియదు. అప్పుడు వెనక మెట్ల మీద మామ్మ అడుగుల చప్పుడు వినిపించింది. తొందర లేదు. వచ్చి నా భుజం మీద చేయి వేసి పక్కకి జరిపింది. వాడి ముందు చేయి చాపింది.

"ఇలా ఇయ్యి నాయనా."

వాడు ఇవ్వాలా వద్దా అన్నట్టు మాస్టారి వైపు చూశాడు. తర్వాత ఇచ్చేశాడు.

మామ్మ గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని, తన గుండె ఎత్తులో, రెండు మోకుల మధ్య పొడిచింది. అది అడ్డూ ఆపూ లేకుండా దిగిపోయింది. తిప్పి లాగి, ఎడమ అరచేతిలోకి వంచింది. పచ్చటి పొట్టు జలజల రాలింది. సగం గాలికి ఎగిరి ఆమె తెల్ల చీర మీద పడింది. దులుపుకోలేదు. అరచేతిని అలాగే చాపి మాస్టారి దగ్గరికి నడిచింది.

"ఊకండి, మేస్టారు గారూ. బరువు లేదు, అందుకని పొట్ట రాలేదు. ధాన్యం పోసి ఉంటే ఇది మీ పాఠానికి పనికొచ్చేది కాదు. మీ పిల్లలకి సరైన స్థూపం కావాలంటే ఈ ఊళ్ళో మా ఇల్లే దిక్కు."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. తాను చప్పట్లు కొట్టింది దేనికో అప్పుడు అర్థమైంది ఆయనకి. "అమ్మగారూ, నాకు తెలియక..." అన్నారు.

"తెలియకపోవడమేంటండీ, కొలిచి మరీ తేల్చారు." మామ్మ గొట్టాన్ని మిల్లు వాళ్ళబ్బాయికి తిరిగి ఇచ్చింది. వాడు దాన్ని వీపు వెనక దాచుకున్నాడు.

"మామ్మగారండీ, నేను ఊరికే..."

"అడిగావు, మంచి ప్రశ్నే. మీ నాన్నకి చెప్పు. నువ్వు గుచ్చలేదు, నేనే గుచ్చి చూపించానని చెప్పు. ఆ మాట మర్చిపోకు."

తర్వాత ఇత్తడి పళ్ళెంలో సున్నుండలు తెచ్చింది. ఎవరూ చేయి చాపలేదు. మామ్మ పళ్ళెం పట్టుకుని నిలబడే ఉంది. మొదట చేయి చాపింది మిల్లు వాళ్ళబ్బాయే. తీసుకుని, తల దించుకుని, మొత్తం నోట్లో కుక్కుకున్నాడు. బుగ్గ ఉబ్బింది.

"ఇదిగో, పొట్ట వచ్చింది," అంది మామ్మ.

పిల్లలంతా ఒక్కసారిగా నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు. నా చేతిలో ఇంకా పురికొస ఉంది.

సాయంత్రానికి సంగతి ఊరంతా తెలిసింది. ఆ తర్వాత కొందరు మా అరుగెక్కడం మానేశారు. కొందరు వచ్చారు కాని, మామ్మ మాట కోసం ఆగకుండా వాళ్ళలో వాళ్ళే తేల్చుకుని లేచిపోయేవారు. "రండి"లో "ండి" నెమ్మదిగా రాలిపోయి "రా" మిగిలింది. నాన్నగారు వారం చివర వచ్చి, విని, భోజనం చేయకుండా పడుకున్నారు. మామ్మ మాత్రం మర్నాడే ఇనప పొయ్యి ఒకటి తెప్పించింది. మధ్యలో సీసా నిలబెట్టి చుట్టూ ఊక దట్టించి, సీసా లాగేస్తే నిలిచిన గుండ్రటి సొరంగంలో మంట లేచేది. ఆ ఏడాది పొడుగునా మా వంట పురి మీదే సాగింది. నా చొక్కాలకు, పుస్తకాలకు ఊక పొగ వాసన పట్టింది. పురి ఒక్కో చుట్టు చొప్పున కిందికి దిగుతూ వచ్చింది. ఎంత పొట్టిదైనా చివరిదాకా స్థూపమే.

ఇంకో సంగతి. అందరికీ తెలిసిపోయిన మర్నాడు తెల్లవారగానే నేను అలవాటుగా దోసిలి పట్టుకుని మామ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె కుండ వంక చూసి, "ఇంక అక్కర్లేదురా," అంది. నేను వెనక్కి తిరిగాను. "ఆగు," అని పిలిచి, దోసిలి నిండా పోసింది. "అవేం చేశాయి పాపం. గోడ చాటు అక్కర్లేదు, నడి పెరట్లో చల్లు."

మొన్న బడిలో హెడ్‌మాస్టరు గారు నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. మాట్లాడవలసిన మనిషిని నేను కాదని చెప్పి, ఆ అమ్మాయిని పిలిచాను. ఆమె చేసిన స్థూపాన్ని చేతిలోకి తీసుకుని వేలితో తట్టాను.

"లోపల ఏముందమ్మా?"

అమ్మాయి నవ్వింది. అసలు అది అడగవలసిన ప్రశ్నేనా అన్నట్టు నవ్వి, అందరికీ వినపడేలా చెప్పింది.

"ఏం లేదండి. ఖాళీయేనండి."

నేను స్థూపాన్ని జాగ్రత్తగా బల్ల మీద నిలబెట్టి, రెండు చేతులూ కలిపి ఆ పిల్లకి చప్పట్లు కొట్టాను.